ప్రవోతో మంచివాడైపోయిన రోజులు

ప్రవోతో ఎవరినీ వెక్కిరించక రెండు నెలలు దాటింది. వీధి వీధంతా అది దేవుడి దయ అంది. భార్య ముర్తిని మాత్రం బెంగతో సగమైపోయింది.

సముద్రం మధ్య దీవిలో ఉన్న బంతుల్ ఊరికి దక్షిణపు కొసన, చెరకు తోటలను ఆనుకుని ఉన్న ఆ వీధిలో ప్రవోతో నోటికి జడవని గడప లేదు. తపాలా ఆఫీసులో ఉత్తరాలు వేరుచేసి రిటైరయ్యాడు గానీ, అతని అసలు వృత్తి గువ్వల పాటల పోటీలకు తీర్పు చెప్పడం. ఆదివారం పొద్దున్నే మైదానంలో తాడిచెట్టంత గడలు వరసలు వరసలుగా నిలబడి ఉంటాయి. ప్రతి గడ కొసనా ఒక గిలక, గిలకకు వేలాడుతూ పంజరం, పంజరంలో ఒక చారల గువ్వ. కింద మెడలు పైకెత్తి యజమానులు. వాళ్ళ మధ్య ప్రవోతో చేతులు వెనక్కి కట్టుకుని, ఒక చెవి ఆకాశానికి అప్పగించి, ఎండెక్కే దాకా తిరిగేవాడు. గువ్వ కూతకు ఎత్తుగడ ఉండాలి, నడక ఉండాలి, ముగింపు గంట మోగినట్టు మోగాలి. మోగకపోతే మొహమాటపడే మనిషి కాదు. ఒకసారి జిల్లా పెద్దగారి బావమరిది బోలెడు పోసి కొన్న గువ్వ కింద నిలబడి, "ఇది కూయడం లేదండీ, అరక్క త్రేనుస్తోంది. వాము పెట్టండి," అన్నాడు.

ముర్తిని అతన్ని మొదట చూసింది ఆ మైదానంలోనే. యాభై దాటిన పంతులమ్మ. పెళ్ళి చేసుకోవాలని ఎప్పుడూ తోచలేదు, ఎవరూ తోచనివ్వలేదు. తండ్రి పోతూ వదిలిన గువ్వను, ఆయన కోరిక కదా అని, పోటీకి తెచ్చింది. ప్రవోతో ఆ పంజరం కింద ఆగాడు. తలెత్తాడు. ఆమెకేసి చూశాడు.

"దీన్ని పాటకు తెచ్చారా, కూరకు తెచ్చారా?"

ముర్తినికి నవ్వు ఆగలేదు. మైదానం మధ్య నిలబడి, కళ్ళ నీళ్ళు కారేలా, పక్కటెముకలు పట్టుకుని నవ్వింది. ఆమె పెరిగిన లోకంలో ఎవరూ ఏదీ సూటిగా అనరు. స్కూల్లో హెడ్మాస్టరు తిట్టాలన్నా ముందు ఆరోగ్యం అడుగుతాడు, తర్వాత వాన సంగతి ఎత్తుతాడు, చివరికి నవ్వి వెళ్ళిపోతాడు. తిట్టాడని మూడో రోజుకు అర్థమవుతుంది. అన్నేళ్ళు పాకంలో పడ్డ ఈగలా బతికిన మనిషికి ఒక్కసారిగా పచ్చి మిరపకాయ దొరికింది. ఆ పై రంజాను పండగ వెళ్ళగానే ఇద్దరూ పెళ్ళి చేసుకున్నారు.

ఆ తర్వాత రోజులు ఎంత బాగున్నాయో చెబితే అందరూ నవ్వుతారని ఆమె ఎవరికీ చెప్పలేదు. ఒకే గ్లాసులో రెండు బ్రష్షులు. గుమ్మం ముందు పెద్ద చెప్పుల పక్కన చిన్న చెప్పులు. సంతలో సోయా గింజల టెంపే దిమ్మలు అమ్మే ఆవిడతో, అవసరం లేకపోయినా, "పల్చగా కొయ్యమ్మా, మా ఆయన మందంగా ఉంటే తినడు," అని చెప్పడం. "మా ఆయన" అన్న మాట కోసం ఆమె ఇంకో వీధి చుట్టి వచ్చేది. అన్నిటికంటే గొప్పది పొద్దుటి కాఫీ. ప్రవోతో ఒక గుక్క తాగి, గ్లాసు వెలుతురులో పెట్టి చూసేవాడు.

"దిక్, ఈ కాఫీ ఏ వరదలో పట్టావు?"

యాభై దాటాక తనను అలా చిన్నదాన్ని చేసి "దిక్" అని పిలిచే మనిషొకడు ఉండటం, ఆ మనిషి రోజుకో కొత్త మాటతో తన కాఫీని తిట్టడం. ముర్తినికి అది పూలు తెచ్చి ఇచ్చినట్టే ఉండేది. "రేపు బురద బాగా కలుపుతాను, మాస్," అని అక్కడి పెళ్ళాలు మొగుణ్ణి పిలిచే పిలుపుతో ఆమె అంటే, అతని మీసం చివర ఒకటే వంపు కనబడేది. ఆ వంపు కోసమే ఆమె బాగా కుదిరిన కాఫీ కూడా చెడగొట్టేది.

ఐదో నెలలో, పోటీ నడుస్తుండగా, రెండో వరస గడల మధ్య ప్రవోతో కూర్చుండిపోయాడు. చెమట ధారగా కారింది. చెయ్యి రొమ్ము మీదికి పోయింది. చుట్టూ ఉన్న గువ్వల యజమానులకు వైద్యం తెలియకపోవడమేమిటి? అందరికీ తెలుసు. గాలి ఒంట్లో దూరి కూర్చుందన్నారు. చొక్కా విప్పారు. నూనె రాసి నాణెంతో వీపు గీకారు. ఎర్రగా వాతలు తేలితే, "చూశారా, ఎంత గాలి ఉందో!" అని ఒకరికొకరు చెప్పుకుని మురిసిపోయారు. గుండె లోపల కొట్టుకు చస్తుంటే వీపు మీద రంగులు చూసి చప్పట్లు కొట్టే వైద్యం అది. చారల గువ్వల పోటీలో జడ్జిగారికి కూడా చారలు పడ్డాయి.

ప్రవోతో పళ్ళు బిగబట్టి అన్నాడు: "గీకితే గీకారు గానీ, నాణెం తుప్పు పట్టిందేమో చూడండ్రా."

అదే అతను ఆఖరిగా అన్న వెటకారం. ముర్తిని వచ్చి, అందరినీ తోసి, కూరగాయల వ్యానులో అతన్ని ఎక్కించి పెద్దాసుపత్రికి చేర్చింది. ఆపరేషన్ అయింది. గుండె బాగా అతికిందని పెద్ద డాక్టరు చెప్పాడు. ఇంటికి వచ్చారు. ప్రవోతో వరండాలో పేము కుర్చీలో కూర్చున్నాడు. ఇక లేవలేదు.

ఇంటి మీదికి పరామర్శలు వచ్చి పడ్డాయి. ఒక్కరొక్కరుగా వస్తే మర్యాద కాదు కాబట్టి, పక్క వీధి వాళ్ళు కూడా వ్యాన్లు మాట్లాడుకుని వచ్చారు. ఒక చేతిలో రొట్టె ముక్కల డబ్బా, ఇంకో చేతిలో కమలాపండ్లు, నోట్లో చావు కబుర్లు.

"మా పెద్ద బావ కూడా ఇలాగే కులాసాగా తిరిగాడు బూ," అని, ముర్తినిని అమ్మగారన్నట్టు "బూ" అని పిలుస్తూ చెప్పింది ఊరి పెద్ద భార్య హర్జంతి. "స్నానాల గదిలో చెంబు అందుకోబోయాడు. అంతే."

"మా మేనమామైతే చెంబు దాకా కూడా పోలేదు," అంది పక్కావిడ, తనవాళ్ళు వెనకబడకూడదన్నట్టు.

తర్వాత అందరూ ప్రవోతో వైపు తిరిగి, "మీరేం భయపడకండి పక్. లేవకండి, కదలకండి, చీపురు ముట్టకండి, మెట్లెక్కకండి," అని, అయ్యగారన్నట్టు "పక్" అంటూ ధైర్యం చెప్పి వెళ్ళేవాళ్ళు. ప్రవోతో "సరే" అనేవాడు. ప్రతిదానికీ "సరే". పాత ప్రవోతో అయితే చెంబు కథకు ఏమనేవాడో ముర్తినికి తెలుసు. ఆ మాట కోసం ఎదురుచూసింది. రాలేదు.

వీధిలో అందరికంటే పెద్దవాడు మ్బా కర్సో, అంటే కర్సో తాత. కళ్ళు మూసుకుని మాట్లాడితే జ్ఞానం అనుకునే రకం. ఆయన వచ్చి ప్రవోతో ఎదుట చాలాసేపు కూర్చుని, లేస్తూ అందరికీ వినపడేలా అన్నాడు:

"న్రిమో అంటే ఇదీ. తల మీద పిడుగు పడినా పువ్వు పడ్డట్టు స్వీకరించడం. ఈ గుణం నాకు ఎనభై ఏళ్ళకు గానీ అబ్బలేదు. వీడికి ఒక్క గుండెపోటుతో అబ్బింది."

ఆ రోజు నుంచీ ప్రవోతో వీధికి మహాత్ముడు. మ్బా కర్సో తన ముగ్గురు అల్లుళ్ళను తెచ్చి, "చూసి నేర్చుకోండి," అని చూపించాడు. అల్లుళ్ళు చూశారు. కుర్చీలో ఒక మనిషి గోడ వైపు చూస్తూ కూర్చున్నాడు. ఇందులో నేర్చుకోవడానికి ఏముందో వాళ్ళకు అర్థం కాలేదు గానీ, అర్థమైనట్టు తలలూపారు. నిజానికి రాయి మీద పిడుగు పడినా అది నోరెత్తదు. దాన్ని మాత్రం ఎవరూ మహాత్ముడనరు, రొట్టె ముక్కలు పెట్టరు.

ఒక పొద్దున ముర్తిని తెగించింది. నిన్న వాడి పారేసిన కాఫీ పిప్పినే మళ్ళీ మరిగించింది. టెంపే బొగ్గయ్యేదాకా మాడ్చింది. పళ్ళెం అతని ముందు పెట్టి, వంటింటి గుమ్మం వెనక దాక్కుని చూసింది. కొత్తగా పెళ్ళైన వాళ్ళు మొగుడు మెచ్చుకుంటాడా లేదా అని చూస్తారు. ఈమె తిడతాడా లేదా అని చూస్తోంది.

ప్రవోతో బొగ్గు నమిలాడు. ఆ నల్లటి నీళ్ళు తాగాడు. గ్లాసు వెలుతురులోకి ఎత్తలేదు.

"బాగుంది, దిక్."

ముర్తిని పెరట్లోకి పోయి, బావి గట్టు మీద కూర్చుని, కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. మొగుడు వంట బాగుందన్నాడని ఏడ్చిన ఆడది ఆ దీవి మొత్తం మీద ఆమె ఒక్కతే.

ఆపరేషన్ తర్వాతి పరీక్షలకు ఆసుపత్రిలో నికెన్ అని ఒక చిన్న వయసు డాక్టరు ఉండేది. ముర్తిని ఆమె ముందు కూర్చుని ఎలా మొదలుపెట్టాలో తెలియక చివరికి ఉన్నదున్నట్టు చెప్పింది.

"డాక్టరుగారూ, మా ఆయన మంచివాడైపోయాడు. దీనికేమైనా మందుందా?"

డాక్టరు నవ్వలేదు. అన్నీ అడిగింది. తిండి ఎలా తింటాడు, నిద్ర ఎలా పోతాడు, దేని మీదైనా మనసు పోతోందా, పోవడం లేదా. తర్వాత ప్రవోతోను ఆసుపత్రి వరండాలో నడవమంది. మైదానంలో ఎండెక్కే దాకా తిరిగే మనిషి, వరండా సగం కూడా దాటకుండానే గోడ పట్టుకుని నిలబడిపోయాడు. మొహం పాలిపోయింది. డాక్టరు నాడి చూసింది, యంత్రం పెట్టి గుండె చూసింది.

"గుండె బాగానే ఉంది పక్. మరి ఎందుకు ఆగారు?"

"ఆయాసం వచ్చింది. అది వస్తే... అంతేనట కదా."

"అంతేనని ఎవరన్నారు?"

చెంబు బావగారు చెప్పారని ముర్తిని మనసులో అనుకుంది.

డాక్టరు ఇద్దరినీ కూర్చోబెట్టి చెప్పింది. ఇది శాంతం కాదు, కుంగుబాటు. గుండెకు దెబ్బ తగిలిన వాళ్ళలో చాలామందికి పడుతుంది. మనసు కుంగితే మనిషి కదలడు. కదలకపోతే కండ కరుగుతుంది, నాలుగడుగులకే ఆయాసం. ఆయాసానికి భయం. భయపడి మళ్ళీ కుర్చీలో కూలబడితే మనసు ఇంకా కుంగుతుంది. ఊబిలో దిగిన ఇద్దరు ఒకరి కాలు ఒకరు పట్టుకున్నట్టు. అందుకని రెండిటినీ ఒకేసారి పైకి లాగాలి. ఒక మాత్ర రాసింది. వారం వారం వచ్చి మనసు విప్పి మాట్లాడమంది. రోజూ నడవమంది, మొదట కొంచెం, తర్వాత ఇంకొంచెం.

"ఇది మీ చేతగానితనం కాదు పక్. జబ్బులో జబ్బు," అంది.

"సరే," అన్నాడు ప్రవోతో.

మర్నాడు పొద్దున్నే ముర్తిని అతని చెయ్యి పట్టుకుని వీధిలోకి దింపింది. ఎర్ర చెప్పులు వేసుకుంది, మొగుడితో షికారు కదా అని. పది గజాలు పోయారో లేదో, మొదటి ఇంటి గుమ్మంలోంచి కేక.

"అయ్యయ్యో, పక్! నడుస్తున్నారా? రండి, కూర్చోండి!"

పిలిచిన ఇంటికి పోకపోతే ఆ వీధిలో మనిషే కాదు. కూర్చున్నారు. టీ వచ్చింది. అందులో టీకంటే పంచదార ఎక్కువ. లేచారు. రెండో ఇంటివాళ్ళు ఇదంతా చూసి అప్పటికే కుర్చీ వీధిలో వేసి పెట్టారు. "వాళ్ళింట కూర్చున్నారు, మా ఇంట కూర్చోరా?" మళ్ళీ టీ. ఈసారి నూనె కారే అరటికాయ బజ్జీలు. "తినండి పక్, నీరసంగా ఉన్నారు." గుండె రోగిని చంపడానికి విషం పోసేవాళ్ళయితే పట్టుకుని ఠాణాకు పంపవచ్చు. ప్రేమగా బజ్జీలు పెట్టేవాళ్ళను ఏం చేస్తారు? వీధి చివర రేకు గేటున్న ఇంటి దాకా పోవాలనుకున్న వాళ్ళు, నాలుగో ఇంటి దగ్గరే పొద్దెక్కి, కడుపులు ఉబ్బి, వెనక్కి తిరిగారు. నడిచిందానికంటే కూర్చున్నది ఎక్కువ, కూర్చున్నదానికంటే తాగింది ఎక్కువ.

"బూ, ఆయన్ని అలా తిప్పకండి," అని వెనకనుంచి హర్జంతి పిలిచింది. "కొత్త పెళ్ళికూతురి సరదా తర్వాత తీర్చుకోవచ్చు."

చుట్టూ కిసకిసలు. ముర్తిని ఒక మెత్తని నవ్వు నవ్వింది. మనసులో మాత్రం, ఇప్పుడు మాస్ బాగుంటే నిన్ను ఏం చేసేవాడో తెలుసా అనుకుంది.

హర్జంతికి ఒక సంఘం ఉంది. గుండె ఆరోగ్య వ్యాయామ సంఘం. ప్రతి ఆదివారం పొద్దున ఊరి పెద్ద ఇంటి ముందు పాటలు పెట్టి, ఆడవాళ్ళందరూ చేతులూ కాళ్ళూ ఊపుతారు. సంఘంలో ఒక్కరికీ గుండె జబ్బు లేదు. ఉన్నది యూనిఫారం. పోయినేడాది ఊదా, ఈ ఏడాది నారింజ, దాని మీద బంగారు దారంతో గుండె బొమ్మ. ఊపేది కాసేపు. ఊపాక ఫొటోలు, ఫొటోల తర్వాత కొబ్బరి పాల పరమాన్నం, పరమాన్నం తర్వాత ఫొటోలో ఎవరు లావుగా పడ్డారన్న చర్చ. గుండె పేరు పెట్టుకుని పొట్టను పోషించే సంఘం.

ఆ ఏడు మండల పోటీలకు కొత్త నిబంధన వచ్చింది. ప్రతి జట్టులోనూ నిజంగా గుండె జబ్బు పడి లేచిన మనిషి ఒకరైనా ఉండాలి. సంఘం గుండెలు జారిపోయాయి. జబ్బుపడినవాడు ఎవరైనా ఉన్నాడా అని వీధి గాలించారు. వీధిలో ఉన్నది ఒక్కడే.

హర్జంతి నారింజ రంగు చొక్కా పళ్ళెంలో పెట్టుకుని వచ్చింది.

"పక్, మిమ్మల్ని మా సంఘానికి గౌరవ మార్గదర్శిగా పెట్టుకున్నాం. మీరేమీ చెయ్యనక్కర్లేదు. వెల్వెట్ కుర్చీ వేస్తాం, కూర్చుంటే చాలు."

"వ్యాయామ సంఘంలో కూర్చోవడమా?" అంది ముర్తిని.

"ఆయన శాంతమే మాకు వ్యాయామం బూ."

ప్రవోతో చొక్కాకేసి చూశాడు. ముర్తిని అతని నోటికేసి చూసింది. ఆ రంగు చూసి, ఆ బంగారు దారం చూసి, కనీసం ఒక్క మాట...

"సరే," అన్నాడు ప్రవోతో.

వీధిలో నడిచే వీలు లేదని తేలాక ముర్తిని వేరే దారి పట్టింది. రోజూ తెల్లవారగానే స్కూటీ తీసేది. ప్రవోతో వెనక కూర్చునేవాడు. అతని చెయ్యి ఆమె భుజం మీద పడేది, పడిపోతానన్న భయంతోనే అయినా. చెరకు తోటల మధ్య మంచు, కింద చల్లటి మట్టి వాసన, భుజం మీద మొగుడి చెయ్యి. ఆ కష్టకాలంలోనూ ఆమెకు పాట పాడాలనిపించేది. సిగ్గుపడి మానుకునేది.

ఇద్దరూ గువ్వల మైదానానికి వెళ్ళేవాళ్ళు. పోటీ లేని రోజుల్లో అక్కడ పురుగు కూడా ఉండదు. గడలు మాత్రం ఖాళీగా నిలబడి ఉంటాయి. ఇక్కడ కుర్చీ లేదు, టీ లేదు, రండి కూర్చోండనే నోరు లేదు. ఒక గడ నుంచి ఇంకో గడకు. మొదటి రోజుల్లో రెండో గడకే అతను ఆగిపోయి, దాన్ని వాటేసుకుని నిలబడేవాడు. ముర్తిని మణికట్టు పట్టుకుని, "చూడు మాస్, కొట్టుకుంటోంది. పరుగెత్తుతోంది గానీ పడిపోవడం లేదు," అనేది. ఊపిరి కుదుటపడేది. మళ్ళీ ఇంకో గడ. కొన్ని రోజులు మంచం మీంచి లేవనే లేవడు. గోడవైపు తిరిగి పడుకుంటాడు. ఆ రోజు పోరేది కాదు. మర్నాడు మళ్ళీ స్కూటీ తీసేది. మాత్ర మానలేదు. డాక్టరు దగ్గరికి పోవడం మానలేదు. అక్కడ మూసిన తలుపు వెనక ఏం మాట్లాడేవాడో ఆమె అడగలేదు.

నెల పైన గడిచింది. ఒక వరస మొత్తం నడిచే దాకా వచ్చారు. ఒక పొద్దున రెండో వరసలో, తాను కూలబడిన చోటే, ప్రవోతో ఆగాడు. ఆయాసం వల్ల కాదు. తోటల్లో ఎక్కడో గువ్వ ఒకటి కూస్తోంది.

"దిక్."

"ఊఁ?"

"అది కూస్తోంది కదా?"

"కూస్తోంది మాస్."

"నాకు వినబడుతోంది. కానీ ఏమీ లేదు. పక్కింట్లో ఎవరో గిన్నెలు తోముకుంటున్నట్టుంది. మంచిదా చెడ్డదా అని కూడా తెలియడం లేదు." "వీధిలో వాళ్ళు నన్ను మంచివాడంటున్నారు. నాలో ఎవరూ లేరు దిక్. ఖాళీ పంజరం. అది అరవదు, కరవదు. అందుకని మంచిది."

ఆపరేషన్ తర్వాత అతను అన్ని మాటలు ఒక్కసారి మాట్లాడటం అదే మొదలు. అంతలోనే మట్టిలో కూలబడి ఏడ్చేశాడు. ముర్తిని ఆ మట్టిలోనే అతని పక్కన కూర్చుంది. కొత్త చీర బురదైంది. చాలాసేపటికి అతను తనంతట తాను లేచి, ఆమెకు చెయ్యి అందించాడు. ఆ చెయ్యి పట్టుకుని లేస్తూ ఆమె అనుకుంది: పంజరం ఖాళీ అని తెలిసినవాడు లోపల ఒకడున్నాడు.

పోటీ రోజు వచ్చింది. మండల కచేరీ ముందు మైదానంలో షామియానా. జట్టు జట్టుకు ఒక రంగు, దూరం నుంచి చూస్తే పండ్ల దుకాణం దొర్లి పడ్డట్టు ఉంది. ముందు వరసలో వెల్వెట్ కుర్చీ, దాని చుట్టూ మల్లెదండలు, దానిలో నారింజ చొక్కాతో ప్రవోతో. పెళ్ళిపీట మీద పెళ్ళికొడుకును మరిచిపోయి అందరూ భోజనాలకు పోయినట్టున్నాడు. ముర్తిని కుర్చీ వెనక నిలబడింది.

హర్జంతి మైకు అందుకుంది.

"మా మార్గదర్శి పక్ ప్రవోతోగారిని చూడండి! గుండెకు అంత కష్టం వచ్చినా ఒక్క ఫిర్యాదు లేదు. ఒక్క విసురు మాట లేదు. కదలరు, మెదలరు! ఇలాంటి శాంతం మనందరికీ రావాలి!"

చప్పట్లు. మ్బా కర్సో కళ్ళు మూసుకుని తలూపాడు. వ్యాయామ పోటీలో కదలని మనిషిని ఆదర్శంగా చూపిస్తున్నారని అక్కడ ఎవరికీ తట్టలేదు.

"వారికి గౌరవంగా, వారికి ప్రాణమైన చారల గువ్వ పాటతో మా కార్యక్రమం మొదలుపెడుతున్నాం!"

స్పీకర్లలోంచి కూత వచ్చింది. గూ, గుక్కుర్ర్... గూ, గుక్కుర్ర్... షామియానా అదిరింది. నారింజ చీమల బారు చేతులు పైకెత్తి రెక్కల్లా ఊపింది.

ముర్తిని కళ్ళ ముందు ప్రవోతో మెడ కదిలింది. కొంచెం. ఒక చెవి పైకి లేచింది.

"అది ఏమిటి?" అన్నాడు.

"నీకు గౌరవంగా మాస్. గువ్వ పాటట."

"చారల గువ్వా?"

"అలాగే అన్నారు."

గూ, గుక్కుర్ర్.

"అది చుక్కల గువ్వ." ప్రవోతో గొంతులో ఏదో గీరుకుంది, తుప్పు పట్టిన గిలక తిరిగినట్టు. "సంతలో గంపల కింద తిరిగే చుక్కల గువ్వ. దాని కూతను నాకు గౌరవంగా పెడతారా? నా చావుకు కూడా ఇంకా మంచి పాట వాయిస్తారు!"

ముర్తిని కుర్చీ వీపును గట్టిగా పట్టుకుంది. ప్రవోతో లేచాడు. మల్లెదండ ఒకటి కాలికి చుట్టుకుంటే విదిలించాడు. చేతులు వెనక్కి కట్టుకున్నాడు. నారింజ వరసల మధ్యకు నడిచాడు.

"పక్, కూర్చోండి! పక్!" హర్జంతి చేతులు ఊపుతూనే కీచుమంది.

"నువ్వు ఊపవమ్మా, ఆపకు. ఆపితే ఇంతసేపూ ఈగలు తోలావనుకుంటారు." పక్కావిడ దగ్గర ఆగాడు. "ఈవిడకు ఎత్తుగడ ఉంది, ముగింపు లేదు. కాలెత్తి మరిచిపోయింది." ఇంకో అడుగు. "ఈవిడకు ముగింపు ఒక్కటే ఉంది. పరమాన్నం ఎప్పుడని." ఊపిరి ఎగబోసింది. ఆగాడు. అతను రొమ్ము మీద చెయ్యి పెట్టుకున్నాడు, విన్నాడు, చెయ్యి తీశాడు. మళ్ళీ నడిచాడు. "మీ అందరిలో గుండె జబ్బు ఉన్నవాడిని నేనొక్కణ్ణి. నన్ను కుర్చీలో పాతిపెట్టి మీరు గెంతుతారా? ఆకలైనవాడికి పళ్ళెం చూపించి అన్నం మీరు తింటారా?"

వరస కొస దాకా పోయాడు. వెనక్కి తిరిగి రెండో వరస పట్టాడు. పోటీ జడ్జిలు ముందు బిత్తరపోయారు. తర్వాత, జబ్బుపడి లేచిన మనిషి జట్టులో బాగానే కదులుతున్నాడని మార్కులు వెయ్యబోయారు. ప్రవోతో వాళ్ళ బల్ల ముందు ఆగి, "తీర్పు చెప్పేవాడు కూర్చుని చెప్పడం ఏమిటయ్యా, లేచి తిరుగుతూ చూడండి, లేకపోతే పిరుదులకు బూజు పడుతుంది," అన్నాడు. ఉన్న మార్కులు కూడా పోయాయి.

మ్బా కర్సో కళ్ళు తెరిచాడు, చాలా ఏళ్ళకు మొదటిసారి.

"అయ్యో," అన్నాడు దిగులుగా. "మళ్ళీ చెడిపోయాడు."

ముర్తిని ఏడుస్తోంది, నవ్వుతోంది, ముక్కు కొంగుతో తుడుచుకుంటోంది. పక్కావిడ జాలిగా ఆమె వీపు నిమిరింది. "బాధపడకండి బూ. అంత మంచి మనిషి. ఎవరి దిష్టో తగిలింది."

"తగలనివ్వండి," అంది ముర్తిని.

ఆ మర్నాడే అంతా బాగైపోలేదు. రెండు రోజులు ప్రవోతో మళ్ళీ గోడవైపు తిరిగి పడుకున్నాడు. మూడో రోజు లేచి, మాత్ర వేసుకుని, కాఫీ గ్లాసు వెలుతురులోకి ఎత్తి చూశాడు. ఏమీ అనకుండా దింపాడు. ముర్తిని నిరాశపడబోతుండగా అతను చెప్పులు వేసుకున్నాడు.

"స్కూటీ వద్దు. వీధిలోంచి పోదాం."

"వీధిలోంచా? టీలతో చంపుతారు మాస్."

"పద."

మొదటి గుమ్మంలోంచి కేక వచ్చింది. "పక్! రండి, కూర్చోండి, టీ తాగి వెళ్ళండి!"

"మీ టీ కంటే ఇంకో గుండెపోటు నయం," అన్నాడు ప్రవోతో, ఆగకుండా.

రెండో ఇంటివాళ్ళు కుర్చీ సగం ఎత్తి ఉన్నారు. "దాన్ని మీ అల్లుడి కింద వెయ్యండి, ఉద్యోగం వచ్చేదాకా పనికొస్తుంది." కుర్చీ ఎత్తినట్టే లోపలికి పోయింది. మూడో ఇంట బజ్జీల పళ్ళెం. "ఇంత నూనె మా స్కూటీకి పొయ్యండి, సముద్రం దాకా పోయి వస్తాం." నాలుగో ఇంటి తలుపు వాళ్ళు రాకముందే మూసుకుంది. మర్యాద ఇంతకాలం కట్టేసిన వీధి నోటి దురుసుకు బార్లా తెరుచుకుంది.

ముర్తిని వెనక నడుస్తోంది. భార్యగా ప్రతి గుమ్మం ముందూ చేతులు జోడించి క్షమించమని అడగాలి. ఆమె చేతులు జోడించింది కూడా. కానీ మొహం మీది నవ్వును ఎంత అణిచినా అణగలేదు. అందుకని ఆ క్షమాపణ ఎవరికీ నచ్చలేదు.

వీధి చివరి గేటు దగ్గర ప్రవోతో ఆగాడు. వగరుస్తున్నాడు. చెమట పట్టింది. గేటు పట్టుకుని, భయం తొంగి చూసిన కళ్ళతో ఆమెకేసి చూశాడు. ఆమె వచ్చి మణికట్టు పట్టుకుంది. ఇద్దరూ కాసేపు అలాగే నిలబడి, అది పరుగెత్తి పరుగెత్తి నెమ్మదించడం విన్నారు.

"దిక్," అన్నాడు ఊపిరి కుదిరాక.

"ఊఁ, మాస్?"

"పొద్దున కాఫీ. అప్పుడు అనడానికి ఊపిరి దాచుకున్నాను." అతని మీసం చివర వంపు తిరిగింది. "దాన్ని కాచావా, దానితో నేల తుడిచావా?"